మిద్దె తోటకు ఏది మేలు: గ్రో బ్యాగా, సగం డ్రమ్మా, ఇటుక మడా?

మిద్దె తోట మొదలుపెట్టాలనుకునేవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే ప్లాస్టిక్ సంచులు) కొనాలా, నీలం డ్రమ్ములు కోయించుకోవాలా, లేక ఇటుకలు పేర్చి మడులే కట్టించాలా? చాలామంది ధర చూసో, అందం చూసో, పక్కింటి మేడ మీద ఏముందో చూసో తేల్చేస్తారు. నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒక్కో మొక్కకు ఎన్ని లీటర్ల మట్టి దొరుకుతుందన్నది. నవంబరులో ఏ డబ్బాలోనైనా టమాటా కాస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో మొక్కను నిలబెట్టేది దాని వేళ్ల చుట్టూ ఉన్న మట్టి పరిమాణమే.

ముందు కొలతలు చూద్దాం. నీళ్లు నిలవడానికి పైన రెండు అంగుళాలు వదిలి నింపితే 12×12 అంగుళాల (వెడల్పు × ఎత్తు) బ్యాగులో పట్టే మట్టి సుమారు 18 లీటర్లు. 15×15లో 37 లీటర్లు, 18×18లో 65 లీటర్ల దాకా పడుతుంది. 200 లీటర్ల డ్రమ్మును అడ్డంగా మధ్యకు కోస్తే ఒక్కో సగంలో దాదాపు 100 లీటర్లు. 12 నుంచి 15కు పెరిగింది మూడు అంగుళాలే, మట్టి మాత్రం రెట్టింపైంది. బ్యాగు కొనేటప్పుడు చాలామంది పట్టించుకోని తేడా ఇది.

నల్ల రంగు 12 అంగుళాల బ్యాగు మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. పడమటి ఎండ తగిలే వైపు, బ్యాగు గోడకు ఆనుకుని చేతివేలు దింపితే మట్టి చుర్రుమంటుంది. వేళ్ల కొసలు ఎక్కువగా ఉండేది ఆ గోడ వెంబడే. అవి మాడిపోతే మట్టిలో తడి ఉన్నా మొక్క తాగలేదు. రెండు గంటలకల్లా ఆకులు వాలిపోతాయి. దాహమనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం. వేళ్లు లేని వేడి మట్టిలో నీళ్లు నిలిచి మొదలు కుళ్లుతుంది. మొక్కను పీకి మట్టిముద్దను తిప్పి చూస్తే తూర్పు వైపు వేళ్లు తెల్లగా, పడమటి వైపు గోధుమరంగులో పొడిపొడిగా కనిపిస్తాయి. తెగులనుకుని మందులు కొట్టే చాలా సందర్భాల్లో అసలు సంగతి ఇదే.

టమాటా కాయ అడుగున నల్లగా, తోలులా అణిగిపోయిన మచ్చ కూడా ఎక్కువగా చిన్న బ్యాగుల్లోనే వస్తుంది. కాల్షియం లోపమని గుడ్డు పెంకులు దంచి వేస్తుంటారు. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది. నీళ్లు ఒక పూట ఎక్కువై, మరో పూట అసలు లేక అది కాయ కొస దాకా చేరదు. 18 లీటర్ల మట్టి ఎండాకాలంలో పొద్దున పోసిన నీళ్లను సాయంత్రం దాకా ఆపలేదు. బాగా ఎదిగిన టమాటా మొక్క వేసవిలో రోజుకు రెండు మూడు లీటర్లు తాగేస్తుంది. సగం డ్రమ్ముకు రోజుకు ఒక్కసారి పోస్తే చాలు, ఒక పూట మరిచినా మొక్క తట్టుకుంటుంది. పెళ్లికో పండక్కో ఊరెళ్లే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

అందుకే కాయగూరలకు నేను సగం డ్రమ్మునే చెబుతాను. టమాటా, వంగ అయితే డ్రమ్ముకు రెండేసి మొక్కలు, బెండ నాలుగు, బీర రెండు, సొర ఒక్కటే. బీర పిందెలు పసుపెక్కి రాలుతుంటే మట్టిని తప్పుపట్టే ముందు ఒకటి గమనించండి. బీర, సొర పూలు విచ్చుకునేది సాయంత్రం. ఆ వేళకు మేడ మీదకు తేనెటీగలు రాకపోవచ్చు. మగ పువ్వు కోసి ఆడ పువ్వు మీద అద్ది చూడండి. అలా అద్దాక కూడా పిందె రాలిపోతే అప్పుడు నీళ్లనూ మట్టినీ అనుమానించాలి.

డ్రమ్ము కొనేటప్పుడు పైన రెండు చిన్న మూతలున్న రకమే తీసుకోండి. మొత్తం తెరుచుకునే మూత, చుట్టూ ఇనుప రింగు ఉన్న డ్రమ్మును కోస్తే ఒక సగానికే గట్టి అడుగు ఉంటుంది. చిన్న మూతల రకానికి రెండు వైపులా అడుగు ఉంటుంది కాబట్టి ఒక డ్రమ్ముకు రెండు తొట్లు వస్తాయి. ఆ మూతలను బిగించే ఉంచి నీళ్లు పోవడానికి వేరే రంధ్రాలు వేసుకోవాలి, లేకపోతే రెండు అంగుళాల కంతల్లోంచి మట్టి జారిపోతుంది. అంతకుముందు డ్రమ్ములో ఏముండేదో అడగకుండా కొనవద్దు. పండ్ల గుజ్జు, పాకం, తినే నూనె లాంటివి వచ్చినవైతే మంచిది. పురుగుమందు డ్రమ్ము ఊరికే ఇచ్చినా వద్దు. సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, ఒక రాత్రి నీళ్లు నింపి ఉంచాక కూడా ఘాటు వాసన పోకపోతే దాంట్లో కూరగాయలు పెంచకూడదు.

కోయడానికి చుట్టూ తాడు కట్టి మార్కర్‌తో గీత గీసుకుని జిగ్‌సాతో (కరెంటు రంపం) కోస్తే వంకర రాదు. అంచును గరుకు కాగితంతో రుద్దండి, కోసిన ప్లాస్టిక్ అంచు మణికట్టును గీరేస్తుంది. అడుగున 8 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రాలు ఆరు వేయండి. పక్క గోడకు, అడుగు నుంచి అంగుళం ఎత్తులో మరో రెండు వేయండి. అడుగువి పూడుకుపోయినా వానాకాలంలో ఇవి కాపాడతాయి. లోపల కంకర పోయడం చాలామందికి అలవాటు. దానివల్ల నీళ్లు త్వరగా పోవు సరికదా, తడి నిలిచే మట్టి పొర వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది, బరువూ పెరుగుతుంది. రంధ్రాల మీద దోమతెర ముక్కో, కొబ్బరి పీచో వేస్తే చాలు. డ్రమ్మును మూడు ఇటుకల మీద నిలపండి. శ్లాబు ఆరుతుంది, రంధ్రాలు పనిచేస్తున్నాయో లేదో కంటికి కనిపిస్తుంది. డ్రమ్ము గోడ బ్యాగు కంటే మందం, లోపల మట్టీ ఎక్కువ. కాబట్టి వేడి నెమ్మదిగా ఎక్కుతుంది. అయినా మార్చి వచ్చేసరికి పడమటి వైపు గోనెసంచి కట్టండి. వేడి తగ్గడానికి సున్నం పూద్దామంటే ఈ ప్లాస్టిక్ మీద అది నిలవదు.

నింపడానికి 100 లీటర్లకు నా లెక్క ఇది: ఎర్రమట్టి 40, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 30, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) 20, వరి ఊక 10 లీటర్లు, వేపపిండి అరకిలో. కోకోపీట్‌ను కడగకుండా వేస్తే దాంట్లోని ఉప్పు లేత నారును చంపేస్తుంది. ఒకసారి నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి వాడండి. రెండు నెలల్లో మట్టి రెండు మూడు అంగుళాలు దిగుతుంది, ఆ ఖాళీని ఎరువుతో నింపుతూ పోవాలి.

ఇక్కడే డ్రమ్ముకున్న పెద్ద లోటు చెప్పాలి. ఈ మిశ్రమంతో తడిసిన సగం డ్రమ్ము 110 నుంచి 120 కిలోలు తూగుతుంది. ఉత్త ఎర్రమట్టితో నింపితే 160 దాటుతుంది. మనుషులు తిరిగే మేడ కప్పుకు ఐఎస్ 875 (భవనాల మీద పడే బరువుల లెక్కకు భారతీయ ప్రమాణం) ప్రకారం తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. అందుకని డ్రమ్ములను గదుల నడిమధ్యలో గుంపుగా పెట్టకూడదు. కింద గోడలూ దూలాలూ ఎక్కడున్నాయో చూసుకుని, వాటి మీదుగా మీటరు ఎడంతో వరుస పెట్టాలి. పిట్టగోడ వెంబడి అయితే సాధారణంగా కింద గోడో దూలమో ఉంటుంది. శ్లాబు అడుగున పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్న పాత ఇళ్ల మీద డ్రమ్ములు అసలు వద్దు. అలాంటి చోట ముందు ఇంజినీరుకు చూపించి, ఆ తర్వాతే తోట సంగతి ఆలోచించండి.

గ్రో బ్యాగు మేలు చేసేది సరిగ్గా అలాంటి వాళ్లకే. అద్దె ఇల్లు, పాత శ్లాబు, చిన్న బాల్కనీ ఉన్నవాళ్లకు, తోటపని తమ వల్ల అవుతుందో కాదో ఒక చలికాలం చూసుకుందామనుకునేవాళ్లకు బ్యాగే సరి. కాయగూరలకు 15×15 కంటే తగ్గవద్దు. టమాటా, వంగ ఒక్కో మొక్క, బెండ రెండు. మిర్చికి 12 అంగుళాలది సరిపోతుంది. ఆకుకూరలకు లోతు కంటే వెడల్పు ముఖ్యం. 24×9 బ్యాగులో తోటకూర, పాలకూర, చుక్కకూర, మెంతి హాయిగా వస్తాయి.

బ్యాగు నాణ్యత జీఎస్‌ఎంలో, అంటే చదరపు మీటరు షీటు ఎన్ని గ్రాములు తూగుతుందన్న దాంట్లో తెలుస్తుంది. 220 పైన ఉండి, ఎండను తట్టుకునే యూవీ పూత ఉన్నదైతే కొన్నేళ్లు నిలుస్తుంది. పలచటివి ఒక్క వేసవికే అంచుల దగ్గర పొడి రాలడం మొదలవుతుంది. అంచును రెండు అంగుళాలు బయటకు మడిస్తే నోరు బిగుసుకుని నిలబడుతుంది. మట్టి నిండాక చేతిపట్టీలు పట్టుకుని ఎత్తవద్దు. అడుగు కిందికి జారి మట్టిముద్ద లోపల విరుగుతుంది, సన్నవేళ్లు తెగిపోతాయి, మొక్క వారం రోజులు కోలుకోదు. జరపాల్సి వస్తే చెక్కపలక మీదకు ఎక్కించి లాగండి. బ్యాగులను విడివిడిగా కాకుండా ఒకదానికొకటి ఆనించి పెట్టండి. ఒకదాని నీడ మరోదానికి పడుతుంది, బయటి వరుసకు మాత్రం గోనె అడ్డం కడితే చాలు.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే ప్రాంతాల్లో బ్యాగుకు ఇంకో చిక్కు ఉంది. తక్కువ మట్టిలో ఉప్పు త్వరగా పేరుకుంటుంది. పైన తెల్లటి పొర కనిపించినా, ఆకు అంచులు మాడినా నెలకోసారి బ్యాగు పరిమాణానికి సమానంగా నీళ్లు పోసి అడుగు నుంచి బాగా కారనివ్వాలి. వాననీళ్లు పట్టుకోగలిగితే ఇంకా మంచిది.

ఇటుక మడులు చూడముచ్చటగా ఉంటాయి. మట్టి కూడా ధారాళంగా దొరుకుతుంది. అయితే అడుగు లోతు మట్టి, అదీ తేలికైన మిశ్రమమే అనుకున్నా, తడిస్తే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది, ఇటుకల బరువు దీనికి అదనం. ఇల్లు కట్టేటప్పుడే ఇంజినీరుతో చెప్పి ఆ బరువుకు తగ్గట్టు శ్లాబు వేయించుకున్నవాళ్లకే మడులు. కడితే నాలుగు అడుగుల కంటే వెడల్పు వద్దు, నడిమధ్యకు చెయ్యి అందదు. శ్లాబు మీద నేరుగా కాకుండా, అడుగు ఎత్తు ఇటుక దిమ్మెల మీద కడప బండలు పరిచి ఆపైన కట్టాలి. కింద చీపురు తిరిగేంత జాగా లేకపోతే చెమ్మ ఎక్కడ దిగుతోందో ఎప్పటికీ తెలియదు. కొత్త సిమెంటు సున్నపు గుణం పోవాలంటే వారం పది రోజులు నీళ్లు నింపి వదులుతూ ఉండాలి.

మడుల విషయంలో నన్ను వెనక్కి లాగేది బరువు ఒక్కటే కాదు. వంగకో టమాటాకో బాక్టీరియా ఎండు తెగులు వచ్చినా, వేళ్లకు బుడిపెలు కట్టే నులిపురుగు చేరినా మడి మొత్తం పాడవుతుంది. అదే డ్రమ్ముల్లో అయితే ఆ ఒక్క డ్రమ్ము మట్టినే ఏప్రిల్, మే నెలల్లో తడిపి, పారదర్శకమైన పాలిథిన్ కాగితం గట్టిగా కప్పి, ఆరు వారాలు ఎండకు వదిలేయవచ్చు. తర్వాత అందులో టమాటా, వంగ, మిర్చి కాకుండా ఆకుకూరలు వేస్తే సరి.

మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 20 లీటర్ల పెయింట్ బకెట్టు 12 అంగుళాల బ్యాగుకు సమానం, కొంచెం గట్టిది, మిర్చికి వాడుకోండి. థర్మోకోల్ పెట్టెలు ఆకుకూరలకు ఒకటి రెండు పంటల దాకా పనికొస్తాయి. బట్ట సంచుల్లో వేళ్లు ఆరోగ్యంగా ఉంటాయి గానీ మన ఎండలకు నీళ్లు పోసేవాళ్లు ఇంట్లో రోజంతా ఉండాలి. నేరుగా శ్లాబు మీద పరిచే 40×40×12 అంగుళాల పెద్ద సంచులకు మడి బరువే ఉంటుంది, పైగా కింద శ్లాబు ఎప్పటికీ ఆరదు.

ఇప్పటికే 12 అంగుళాల బ్యాగులు వరుసగా కొనేసినవాళ్లు వాటిని పారేయనక్కర్లేదు. ఆగస్టు, సెప్టెంబరులో నారు పోసి నాటితే ఫిబ్రవరి దాకా వాటిలోనూ టమాటా కాస్తుంది. మార్చి దాటాక మొక్కలు నిలవాలంటే పైన 50 శాతం షేడ్‌నెట్ కట్టి, జూన్ తొలకరికి తీసేయండి. బ్యాగులు చిరగడం మొదలైనప్పుడు ఐదు బ్యాగుల మట్టి, ఒక తట్ట మాగిన ఎరువు కలిపితే ఒక సగం డ్రమ్ము నిండుతుంది. ఎండు తెగులుతో చచ్చిన మొక్క బ్యాగు ఏదైనా ఉంటే ఆ మట్టిని మాత్రం ఇందులో కలపవద్దు, దాన్ని విడిగా ఎండబెట్టాలి.