డిక్కీ మూలలో పది అంగుళాల బేస్: నరసాపురం పడవల షెడ్డులో చేయించిన ఫైబర్ బాక్స్

నాది మలికిపురం. రొయ్యల చెరువుల మందులు, మినరల్స్ అమ్మే ఉద్యోగం. పొద్దున్న రాజోలు, మధ్యాహ్నం పాలకొల్లు, చీకటి పడ్డాక భీమవరం వైపు ఏదో ఒక చెరువు గట్టు. రోజుకి నాలుగైదు గంటలు స్విఫ్ట్‌లోనే గడుస్తాయి. ఆ కారు డిక్కీ 268 లీటర్లు. అందులో నీళ్ల శాంపిల్ క్యాన్లు, ఐస్ పెట్టె, టెస్ట్ కిట్లు, రెండు మినరల్ బస్తాలు పట్టాలి. నాకు పాటల్లో గుమ్మని మోగే మంచి బేస్ కూడా కావాలి.

మొదట పెద్ద ఊళ్లో ఒక దుకాణంలో రెడీమేడ్ స్పీకర్ బాక్స్ కొన్నాను. చెక్కపొడి అదిమి చేసే ఎండీఎఫ్ చెక్క, పైన నల్ల కార్పెట్. సగం డిక్కీ అదే తినేసింది. ఏడాది తిరక్కుండా ఒక శాంపిల్ క్యాన్ మూత వదులై ఉప్పునీళ్లు అడుగున చేరాయి. చెక్క బిస్కెట్టులా ఉబ్బి అతుకు విచ్చుకుంది. బేస్ కొట్టినప్పుడల్లా ఆ సందులోంచి గాలి బుస్సుమనేది. తీసుకెళ్లి చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారు.

నరసాపురంలో గోదావరి వైపు, ఫైబర్ పడవలకు మరమ్మతులు చేసే ఒక షెడ్డు ఉంది. బోర్డు లేదు. వేటకెళ్లే పడవల అడుగులు అతకడం, హేచరీలకు తొట్లు పోయడం ఆ షెడ్డు నడిపేవాయన అసలు పని. నాలుగైదేళ్లుగా కార్లకు స్పీకర్ బాక్సులు కూడా చేస్తున్నాడని మా బావ చెప్పాడు. సఖినేటిపల్లి రేవులో కారుని పంటు (ఏరు దాటించే బల్లకట్టు) ఎక్కించి, అవతల మాధవాయిపాలెంలో దిగి వెళ్లాను.

ఆయనకి యాభై ఐదు దాటి ఉంటాయి. నేను బాబాయ్ అన్నాను, ఆయన బాబూ అన్నాడు. డిక్కీ చూడకముందే సబ్‌వూఫర్‌తో, అంటే బేస్ మోగించే నా పది అంగుళాల స్పీకర్‌తో వచ్చిన కాగితం అడిగాడు. "లోపల ఎంత గాలి కావాలో అందులో రాసుంటదండి. అది తెలీకుండా నేను అచ్చు మొదలెట్టను." కాగితం మీద మూసిన బాక్స్‌కి 0.85 ఘనపుటడుగు అని ఉంది. ఘనపుటడుగంటే 28.3 లీటర్లు, కాబట్టి 24 లీటర్లు. స్పీకర్ వెనక అయస్కాంతం, బుట్టలాంటి ఫ్రేము ఆక్రమించే చోటు మరో రెండు లీటర్లు. మొత్తం 26. గోడ మీద సుద్దముక్కతో 26 అని రాసి చుట్టూ గీత గీశాడు.

డిక్కీ ఎడమపక్క, చక్రం గుబ్బ వెనకాల ఉండే గుంతలో అచ్చు పోశాడు. ముందుగా సీట్ల మీదా నేల మీదా పాలిథిన్ పరిచాడు. గుంత నిండా మాస్కింగ్ టేపు రెండు వరసలు, దాని మీద అల్యూమినియం రేకు. రెజిన్ అంటే ఫైబర్‌ని అతికి గట్టిపడే జిగురు, దాని చుక్క కారుకి అంటితే ఇక ఊడదు. తర్వాత 450 జీఎస్ఎం (చదరపు మీటరుకి 450 గ్రాములు) గాజుపీచు మ్యాట్ తీసుకుని అరచేయంత ముక్కలుగా చేత్తో చింపాడు. కత్తెర ఎందుకు వాడరని అడిగాను. చింపిన అంచులో పీచు వదులుగా ఉండి పక్క ముక్కలో కలిసిపోతుందట, కత్తిరించిన అంచు గీతలా మిగిలిపోతుందట.

ఆ షెడ్డులో నన్ను బాగా కట్టిపడేసింది రెజిన్ కలిపే తీరు. రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ సీసా తలుపు పక్కన, దాన్ని గడ్డకట్టించే హార్డ్‌నర్ సీసా షెడ్డు ఆ చివర కిటికీలో. రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి, పేలనూ వచ్చు. అందుకని ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే అటు నడిచివెళ్లి హార్డ్‌నర్ తెచ్చేవాడు. కిలో రెజిన్‌కి ఎండ రోజైతే పది మిల్లీలీటర్లు, ముసురు రోజైతే ఇరవై దాకా. అదీ ఒకేసారి బకెట్‌లో కలపడు, అర లీటరు మగ్గుతోనే. ఎక్కువ కలిపితే దాని వేడికి అదే పొగలు కక్కి గడ్డకట్టేస్తుంది. సాయం చేసే కుర్రాడు కళ్లద్దాలు పెట్టుకోకుండా హార్డ్‌నర్ ముట్టుకుంటే ఊరుకోడు. కంట్లో పడితే చూపు పోతుంది మరి. కానీ ఆవిరి ఆపే మాస్కులు లేవు, ముక్కుకి తువ్వాలు కట్టుకుంటున్నారు. రెజిన్ ఆవిరిని తువ్వాలు ఆపదు. రెండోసారి వెళ్లినప్పుడు క్యాట్రిడ్జ్ మాస్కులు రెండు కొనుక్కెళ్లి ఇచ్చాను. మీరూ వెళ్తే కుర్రాడు వాడుతున్నాడో లేదో అడగండి.

కారులో రెండు పొరలు వేసి, గట్టిపడ్డాక చిప్పని ఊడదీశాడు. కారు ఆ సాయంత్రమే ఇచ్చేశాడు. మిగతా నాలుగు పొరలు షెడ్డులో వేసి, ప్రతి పొర మీదా రోలర్‌తో బుడగలు నొక్కాడు. మొత్తం దళసరి ఆరు మిల్లీమీటర్లు. స్పీకర్ కూర్చునే రింగుకి ఎండీఎఫ్ వద్దని 18 ఎంఎం మెరైన్ ప్లైవుడ్ కోశాడు. రింగుని నాలుగు పుల్లల మీద నిలబెట్టి, ఫ్లీస్ బట్ట డోలు తోలులా బిగలాగి స్టేపుల్ చేసి, రెజిన్ పట్టించాడు.

గట్టిపడ్డాక కొలత. పక్కింట్లోంచి ధాన్యం బస్తా తెప్పించి, ఐదు లీటర్ల క్యాన్‌తో స్పీకర్ కంతలోంచి పోశాడు. నాలుగు క్యాన్లు, పైన ఒక లీటరు. అంతే నిండిపోయింది. 21! గోడ మీదున్న 26 వైపు చూసి, "పనికిరాదు బాబూ" అన్నాడు. నాకైతే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, బిగించేయమనేవాణ్నే. మూసిన బాక్స్‌లో గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. గాలి తక్కువైతే స్ప్రింగు బిర్రుగా మారి కింది స్వరాలు తగ్గిపోతాయి, పైన ఒకచోట మాత్రం బొంయ్‌మంటుంది. ఆ ముక్క ఆయన తన మాటల్లో చెప్పి, ముందు భాగం కోసేశాడు. పుల్లలు రెండంగుళాలు పొడుగు చేసి మళ్లీ బట్ట లాగాడు. రెండోసారి ఐదు క్యాన్లు, ఒక లీటరుకి కొంచెం పైన. ఆ బట్టకీ రెజిన్‌కీ నా దగ్గర పైసా తీసుకోలేదు.

ఆలస్యం మాత్రం చెప్పి తీరాలి. ఐదు రోజులన్నాడు, పదకొండు పట్టింది. వాన పడే రోజు మ్యాట్ వేయడు, తేమకి పొర సరిగ్గా పట్టదంటాడు. అది నిజమే, కానీ ఫోన్ ఎత్తి ఆ మాట చెప్పొచ్చు కదా. ఒకసారి వరదకి పంటు ఆపేస్తే దిండి మీదుగా చించినాడ వంతెన దాటి చుట్టూ తిరిగి వెళ్లాను, తీరా చూస్తే షెడ్డుకి తాళం. ఇంకోటి, పుట్టీ పని ఆయన చేయి కాదు. కింది మూలలో కార్పెట్ ముడతపడింది. రెజిన్ వాసన కూడా వారం రోజులు పోలేదు, అద్దాలు దించుకునే తిరిగాను. పెయింటు మెరుపు కావాలనుకునేవాళ్లు చిప్ప ఇక్కడ చేయించుకుని, పైపని కారు పెయింటర్‌కి ఇవ్వడం మంచిది.

బిగించిన రోజు కోన్ మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా నొక్కి వదిలాడు. అది నిదానంగా పైకి లేచింది. వెంటనే ఎగిరొస్తే ఎక్కడో గాలి పోతున్నట్టు. పడవల మీద బతికినవాడు కదా, చిల్లు విషయంలో ఆయన కన్ను తప్పదు. లోపల దిండ్లలో వేసే దూది కొంచెం కూరాడు. రెండు ఇనుప బ్రాకెట్లతో బాడీకి బోల్టులు బిగించాడు. సడన్ బ్రేక్ వేస్తే ఆ బరువు సీట్ల మీదకి రాకూడదు.

మా నాన్న మేళంలో డోలు వాయించేవారు. భుజం నొప్పితో మానేశారు. అంతర్వేది కల్యాణానికి ఆయన వాయించింది మైకు సెట్టు కుర్రాడు రికార్డు చేస్తే పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. పాత బాక్స్‌లో కర్ర దెబ్బలన్నీ ఒకదాని మీద ఒకటి పడి దడదడగా వినిపించేవి. ఈ బాక్స్‌లో ఎడమవైపు కర్ర పడటం, తోలు గుమ్మని మోగి ఆగడం, మళ్లీ కర్ర పడటం వేటికవే విడిగా తెలుస్తున్నాయి. నాన్నని పక్కన కూర్చోబెట్టి శివకోడు దాకా తీసుకెళ్లాను. సగం దారిలో ఆయన వేళ్లు మోకాలి మీద ఆడటం మొదలెట్టాయి. గట్టిగా పెడితే నంబర్ ప్లేటు గలగలమంటోంది, అది బాక్స్ తప్పు కాదు, డిక్కీ తలుపుకి అదురు తగ్గించే డ్యాంపింగ్ షీటు వేయించాలి.

సామానుతో సహా 11,500 తీసుకున్నాడు. అడ్వాన్సు ఐదు వేలు. సబ్‌వూఫర్, ఆంప్లిఫైయర్, వైరింగ్ మనవే. వైరింగ్ ఆయన ముట్టుకోడు. దానికి వేరే ఎలక్ట్రీషియన్‌ని పెట్టుకుని, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డుకెక్కి షెడ్డు నిండా అవే ఉంటాయి, అప్పుడు వెళ్తే మీ కారు వంక చూడడు. సంక్రాంతి వెళ్లాక, ఎండ ముదరకముందు వెళ్లండి. స్పీకర్ కాగితం మాత్రం మర్చిపోవద్దు, అది లేకపోతే వెనక్కి పంపేస్తాడు.