పాత కైరో కాప్టిక్ టూర్: గైడ్‌కి 5, కంపెనీకి 2

మార్ గిర్గిస్ మెట్రో స్టేషన్ బయట 9కి రమ్మన్నారు, మేం టైమ్‌కే వెళ్ళాం, తీరా చూస్తే మిగతావాళ్ళ వ్యాన్ వచ్చేదాకా 40 నిమిషాలు ఎండలో నిలబెట్టారు, ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. కానీ గైడ్‌గా వచ్చిన కాప్టిక్ (అంటే ఈజిప్టు క్రైస్తవ) ఆవిడ మాట్లాడ్డం మొదలెట్టాక ఆ చిరాకంతా పోయింది.

హ్యాంగింగ్ చర్చి, అబూ సెర్గా చర్చి, బెన్ ఎజ్రా సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) అన్నీ పక్కపక్కనే, అమ్ర్ మసీదుక్కూడా నడిచే వెళ్ళొచ్చు. హ్యాంగింగ్ చర్చి పాత రోమన్ కోట గేటు మీద కట్టింది, మెట్లెక్కాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూసుకోండి. ఇవి ఏ టూర్‌లో అయినా చూపిస్తారు, నేను మాత్రం కాప్టిక్ ఆడవాళ్ళు, చట్టం, రాజకీయం గురించి చెప్తామన్నారని ఇది బుక్ చేశా.

ఆ భాగం అదిరింది. 1919లో బ్రిటిష్‌వాళ్ళ మీద జరిగిన ఉద్యమంలో కాప్టిక్ ఫాదర్ సెర్గియస్ అల్ అజ్హర్ మసీదులోకెళ్ళి ప్రసంగాలిచ్చాడట, 1920లో ఆ ఉద్యమాన్ని నడిపిన వఫ్ద్ పార్టీ మహిళా కమిటీ పుట్టింది సెయింట్ మార్క్స్ కేథడ్రల్‌లో జరిగిన మీటింగ్‌లోనట, అధ్యక్షురాలేమో ముస్లిం అయిన హుదా షారావీ, కాప్టిక్ అయిన ఎస్తేర్ ఫహ్మీ వీసా కూడా అందులో ముఖ్యురాలే.

నాకు బాగా పట్టేసింది మాత్రం హుదా నస్రల్లా కేసు. ఆవిడ కాప్టిక్ లాయరు, నాన్న పోయాక ఆస్తి పంపకంలో ఇస్లామిక్ చట్టం లెక్కన కొడుక్కొచ్చేదాంట్లో సగమే కూతురికని కింద కోర్టులు తేల్చాయి. విచిత్రమేంటంటే అన్నదమ్ములే మాకు సమాన వాటానే కావాలని చెప్పినా ఒప్పుకోలేదు! క్రైస్తవుల వ్యక్తిగత విషయాలకి వాళ్ళ మత సూత్రాలే ఆధారమని 2014 రాజ్యాంగం ఆర్టికల్ 3లో ఉందిగా, దాన్నే పట్టుకుని పోరాడి 2019 నవంబర్‌లో కైరోలో గెలిచింది. గైడ్ మేడమ్ ఇది సొంత చెల్లెలి కేసులా చెప్పింది.

కోటా సంగతి కూడా అడిగా. 2015 పార్లమెంటు ఎన్నికల్లో 15 మంది అభ్యర్థుల లిస్టుకి కనీసం ముగ్గురు క్రైస్తవులు, ఏడుగురు ఆడవాళ్ళు ఉండాలట, కాప్టిక్ మహిళని పెడితే రెండు లెక్కల్లోనూ వస్తుందని నవ్వింది. 2018లో దమియెట్టా రాష్ట్రానికి గవర్నరైన కాప్టిక్ మహిళ మనాల్ అవద్ మిఖాయిల్ గురించి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేసింది, ఆవిడ వెటర్నరీ డాక్టరట, ఇంకాస్త చెప్తే బాగుండేది.

మా గ్రూప్‌లో ఒకాయన 2010 జనవరిలో నాగ్ హమ్మాదీ ఊళ్ళో కాప్టిక్ వాళ్ళ మీద జరిగిన కాల్పుల గురించి అడిగాడు, గైడ్ అప్పటి ఎంపీ జార్జెట్ కెల్లీనీ ఎంత గట్టిగా మాట్లాడిందో చెప్పబోయింది, అంతలో కంపెనీ కుర్రాడు మధ్యలో దూరి "ఇక్కడ అందరం అన్నదమ్ముల్లా ఉంటాం, షాపుకి లేటవుతోంది" అన్నాడు. అంతే, ఆవిడ నోరు మూసేసుకుంది. అసలు ఇలాంటివి వినడానికే కదా మేం డబ్బు కట్టింది, చేదు ముక్క వచ్చేసరికి పపైరస్ షాపా? ఆ షాపులో గంట పోయింది, ఎవరూ ఏం కొనలేదు.

బుక్ చేసేవాళ్ళు షాపు వద్దని ముందే మెసేజ్ పెట్టండి, కాప్టిక్ మహిళా గైడే కావాలని అడగండి. బక్షీష్ కుర్రాడి చేతిలో కాకుండా ఆవిడ చేతికే ఇవ్వండి.