విలేజ్ వాన్‌గార్డ్: ఏ రోజు వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏం వినాలి

న్యూయార్క్‌లో జాజ్ క్లబ్బులకు కొదవ లేదు. విందు కోసం, కబుర్ల కోసం, ఫొటోల కోసం వెళ్ళదగ్గవి చాలానే ఉన్నాయి. గ్రెనిచ్ విలేజ్‌లో 178, సెవెంత్ అవెన్యూ సౌత్‌లో ఉన్న విలేజ్ వాన్‌గార్డ్‌లో ఈ మూడూ కుదరవు. తిండి పెట్టరు, సెట్టు (ఒక విడత వాయిద్యం) నడుస్తుంటే మాట్లాడనివ్వరు, ఫోను బయటికి తీయనివ్వరు. అక్కడ మిగిలేది వినడం ఒక్కటే. దానికి ఇంతకంటే మంచి గది ఈ ఊళ్ళో లేదు. కాకపోతే ఏ రోజు వెళ్ళారు, ఏ సెట్టుకు వెళ్ళారు, ఏ మూల కూర్చున్నారు అన్నదాన్ని బట్టి అదే బ్యాండు రెండు రకాలుగా వినిపిస్తుంది. టికెట్ కొనేముందే అవి తేల్చుకోవడం మంచిది.

ఎర్ర తలుపు తీసుకుని పదిహేను మెట్లు దిగితే నేలమాళిగ. మ్యాక్స్ గోర్డన్ 1935 నుంచి ఈ గదిలోనే క్లబ్బు నడిపాడు. 1989లో ఆయన పోయాక భార్య లొరైన్, 2018లో ఆమె పోయాక కూతురు డెబొరా చూసుకుంటున్నారు. మొదట్లో ఇక్కడ కవిత్వం, హాస్యం, జానపద గీతాలు కూడా నడిచేవి. 1950ల చివరికి పూర్తిగా జాజ్‌కు మారింది. పట్టేది 123 మంది. మనవైపు ఓ మాదిరి పెళ్ళిలో ఒక పంక్తికి కూర్చునేంత మంది అనుకోండి.

గది ఆకారం త్రికోణంలా ఉంటుంది. వేదిక సన్నటి కొసన, బార్ వెడల్పాటి వెనక భాగంలో. వినికిడికి ఇదే ఆయువుపట్టు. రెండు గోడలు ఒకదానికొకటి సమాంతరంగా ఎదురెదురుగా ఉంటే చప్పట్లు కొట్టినప్పుడు ‘టకటకటక’మని ప్రతిధ్వని పుడుతుంది. మన ఫంక్షన్ హాళ్ళలో మృదంగం ముద్దగా వినిపించడానికి సగం కారణం అదే. ఇక్కడ గోడలు ఏటవాలుగా తెరుచుకుంటాయి కాబట్టి శబ్దం వాటి మధ్య ఇరుక్కుని తిరగదు. కప్పు తక్కువ ఎత్తు, గది నిండా మనుషులు, వేదిక వెనక ఎర్ర మఖమల్ తెర. ఇవన్నీ కలిసి సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్ళెం) తాలూకు సన్నటి చప్పుడును కూడా చెదరనివ్వవు. మైకులు ఉన్నా వాటి పని తక్కువ. డ్రమ్ములు, కొమ్మువాద్యాలు దాదాపు నేరుగా చెవిని చేరతాయి.

అందుకే ఇక్కడ వందకు పైగా లైవ్ ఆల్బమ్‌లు రికార్డయ్యాయి. మొదటిది 1957 నవంబరు 3న సానీ రోలిన్స్‌ది. పియానో లేకుండా టెనర్ సాక్సొఫోను, బేస్ (మంద్రస్వరాలు పలికే పెద్ద తీగ వాద్యం), డ్రమ్స్ మాత్రమే. 1961 జూన్ 25, ఆదివారం పియానిస్టు బిల్ ఎవన్స్ త్రయం మధ్యాహ్నం రెండు, రాత్రి మూడు, మొత్తం ఐదు సెట్లు వాయించింది. పది రోజులు దాటాక, జులై 6న, బేస్ వాయించిన స్కాట్ లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఆ ఏడాది నవంబరులో సాక్సొఫోను వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ఇక్కడే రికార్డు చేశాడు. వెళ్ళేముందు ఎవన్స్ రికార్డింగు ఒకసారి హెడ్‌ఫోన్స్‌తో వినండి. గ్లాసుల చప్పుడు, జనం గుసగుసలు కూడా వినపడతాయి. గది ఎంత చిన్నదో చెవికే తెలుస్తుంది. ఈ రోజుల్లో గుసగుసలు మాత్రం చెల్లవు.

ఇక టికెట్లు. సోమవారం తప్ప మిగతా ఆరు రోజులూ ఒకే బృందం వాయిస్తుంది, మంగళవారం మొదలై ఆదివారం దాకా. రోజుకు 8 గంటలకు ఒకటి, 10 గంటలకు ఒకటి, రెండు సెట్లు. ఒక్కో సెట్టు గంటా పావు వరకూ. టికెట్ ఒక సెట్టుకే, రెండోది వినాలంటే మళ్ళీ కొనాలి. ధర 40 డాలర్ల చుట్టుపక్కల. దానిమీద మనిషికి కనీసం ఒక డ్రింకు. మందు అక్కర్లేదు, సోడా తీసుకున్నా లెక్కే. క్లబ్బు సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. పేరున్న బృందాలకు శుక్ర, శనివారాలు ముందే అయిపోతాయి.

ఆరు రోజుల్లో ఏది మంచిదంటే మంగళవారం మొదటి సెట్టు మటుకు వదిలేయండి. చాలా బృందాలు ఆ వారానికే కలిసినవి. కొత్త పాటల కాగితాలు చూసుకుంటూ, ముగింపు ఎక్కడో కళ్ళతో అడుక్కుంటూ వాయిస్తారు. గురువారానికి చేతులు కుదురుతాయి. శనివారం వాయిద్యం పదునుగా ఉన్నా గది నిండా పర్యాటకులు ఉంటారు, బృందం కూడా తెలిసిన పాటలవైపే మొగ్గుతుంది. ఆదివారం రెండో సెట్టు పన్నెండోది, వారానికి ఆఖరిది. అప్పటికి పాటలన్నీ నోటికి వచ్చేసి ఉంటాయి, పోగొట్టుకునేదీ ఏమీ ఉండదు. సాహసాలు చేసేది అప్పుడే. కొన్నిసార్లు అలసట కూడా వినిపిస్తుంది, నిజమే. ఒక్కసారే వెళ్ళగలిగితే గురువారం రెండో సెట్టు. రెండోసారి వీలైతే అదే వారం ఆదివారం. అదే పాట ఆ రెండు రోజుల మధ్య ఎంత మారిందో పోల్చుకోవడం కంటే జాజ్‌కు మంచి పాఠం లేదు.

సీట్లకు నంబర్లు లేవు. ముందొచ్చినవాళ్ళకు ముందు. మొదటి సెట్టుకు 7 గంటలకు తలుపు తీస్తారు కాబట్టి 6:40కల్లా వరసలో ఉంటే కోరిన చోటు దొరకొచ్చు. కూర్చోబెట్టేది సిబ్బందే, కానీ మర్యాదగా అడిగితే వీలును బట్టి ఇస్తారు. ఏం అడగాలో తెలిసి ఉండాలి, అంతే.

వేదికకు ఎదురుగా నిలబడితే పియానో ఎడమవైపు, డ్రమ్స్ కుడివైపు. పియానో త్రయానికి వెళ్తే ఎడమ గోడవైపు కూర్చోండి. వాయించే మనిషి వీపు మనవైపు ఉన్నా రెండు చేతులూ కనిపిస్తాయి. ఎడమచేయి ఎక్కడ ఖాళీ వదులుతోందో చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. డ్రమ్స్ నేర్చుకునేవాళ్ళకు కుడి గోడ. బ్రష్‌లతో వాయించేటప్పుడు అంతకంటే మంచి చోటు లేదు. కర్రలు పట్టుకుంటే మాత్రం రైడ్ సింబల్ (తాళం నడిపే పెద్ద పళ్ళెం) మోతలో పియానో మునిగిపోతుంది. మొదటి వరస చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ ట్రంపెట్ నోరు సరిగ్గా మీ నుదుటికి ఎదురుగా ఉంటుంది. వేదికకూ బార్‌కూ మధ్య, సగానికి కాస్త ముందు, అన్ని వాద్యాలూ సమానంగా వినిపిస్తాయి. వెనక బార్ దగ్గర ఐసు చప్పుడు తప్పదు, పైగా గోడ పక్కన మంద్రస్వరాలు పోగుపడి బేస్ ఉబ్బినట్టు ఉంటుంది.

సోమవారం లెక్క వేరు. 1966 ఫిబ్రవరిలో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ మొదలుపెట్టిన పెద్ద బ్యాండు అప్పటినుంచీ సోమవారాలు ఇక్కడే వాయిస్తోంది. థాడ్ డెన్మార్క్ వెళ్ళిపోయాక మెల్ నడిపాడు. 1990లో ఆయన పోయాక వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా అన్న పేరు స్థిరపడింది. ఐదు సాక్సొఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, బేస్, డ్రమ్స్, మొత్తం 16 మంది ఆ ఇరుకు వేదిక మీద. ఆ రోజు ముందు వరస అడగొద్దు. వీలైనంత వెనక్కి, బార్‌కు కాస్త ముందు కూర్చుంటేనే నాలుగు ట్రంపెట్లు కలిసి ఒకే స్వరంలా వినిపిస్తాయి. ముందు కూర్చుంటే సాక్సొఫోన్లు తప్ప మరేమీ వినపడవు. జాజ్ ఇదివరకు వినని స్నేహితుణ్ణి తీసుకెళ్ళాలంటే సోమవారమే సరైనది. రాసిపెట్టిన సంగీతం ఎక్కువ కాబట్టి దారి తప్పిన భావన రాదు.

చిన్న బృందాలను వినడానికి మొదటిసారి వచ్చినవాళ్ళు తప్పిపోయేది ఇక్కడే: మొదట పాట వినిపిస్తుంది, ఆ తర్వాత పావుగంట ఏదో వాయిస్తున్నట్టు ఉంటుంది, చివర్లో మళ్ళీ అదే పాట. మధ్యలో జరిగేది గాల్లోది కాదు. కచేరీలో పల్లవి, నెరవు, కల్పనస్వరాలు విన్న చెవికి ఇది పట్టుకోవడం కష్టం కాదు, లెక్క ఒక్కటే మారుతుంది. మామూలు పాట 32 బార్లు (తాళం కొలతలు), బారుకు నాలుగు దెబ్బలు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు రెండు బార్లకు సరిపోతాయి, అంటే ఒక చుట్టు పదహారు ఆవర్తనాలు. మొదటి నాలుగు ఆవర్తనాలు ఒక సంగతి, తర్వాత నాలుగూ మళ్ళీ అదే, మూడో నాలుగు వేరే దారి, చివరి నాలుగు మళ్ళీ మొదటిది. ఆ మూడో భాగాన్ని బ్రిడ్జ్ అంటారు. సోలో నడుస్తున్నంతసేపూ ఈ చుట్టే తిరుగుతూ ఉంటుంది. రాగం బదులు ఇక్కడ కట్టుబాటు కార్డుల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) వరసది. బ్రిడ్జ్ వచ్చినప్పుడు గాలి మారినట్టు అనిపించిందంటే మీరు దారిలోనే ఉన్నారు. బ్లూస్ అయితే చుట్టు 12 బార్లే, అంటే ఆరు ఆవర్తనాలు.

ఒక చిక్కుంది. మనకు తొడ మీద తాళం వేసే అలవాటు. చెయ్యి మొదటి దెబ్బ మీద గట్టిగా పడుతుంది. స్వింగ్‌లో (జాజ్ ఊగే నడకలో) హై-హ్యాట్, అంటే కాలితో మూసే జంట పళ్ళేలు, మూసుకునేది రెండు, నాలుగు దెబ్బల మీద. ఒత్తు అక్కడ ఉంచి లెక్కపెడితే పాట తేలిగ్గా నడుస్తుంది, ఒకటీ మూడూ మీద ఉంచితే కవాతులా అనిపిస్తుంది. ఇరుకు బల్లల మధ్య చప్పుడు చేస్తూ వేయకండి మరి. వేలితో చాలు.

ఒకళ్ళ సోలో అయ్యాక చప్పట్లు కొడతారు. తర్వాత బేస్ సోలో అయితే వెంటనే ఆపేయాలి. డబుల్ బేస్ మొదటి నాలుగు బార్లు జనం చప్పట్లలో కొట్టుకుపోవడం జాజ్ క్లబ్బుల్లో నిత్యం జరిగే అన్యాయం. చివర్లో డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకుని వాయిస్తారు, ట్రేడింగ్ ఫోర్స్ అంటారు. అవి రెండేసి ఆవర్తనాలు. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం మార్చి మార్చి వాయించినట్టే గానీ ఇక్కడ ముక్తాయింపు లెక్క ముందే కట్టి ఉండదు. డ్రమ్మర్ మోత మధ్యలో కూడా 32 బార్ల చుట్టు ఆగదు. సరిగ్గా లెక్కపెట్టినవాళ్ళకు పాట మళ్ళీ ఎక్కడ అందుకుంటారో ముందే తెలుస్తుంది. ఈ రెండు సంప్రదాయాల దగ్గరితనం కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1983లో కుర్రవాడిగానే బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించాడు, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో ప్రపంచమంతా తిరిగాడు.

విన్నదాని గురించి నలుగురికీ చెప్పాలనుకుంటే చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీసుకెళ్ళండి. ఫోను వెలుగు అక్కడ పనికిరాదు. తారీఖు, ఏ సెట్టు, ఎవరెవరు, పాటల వరస, సోలో మొదట ఎవరు తీసుకున్నారు అన్నవి చాలు. పాటల పేర్లు చాలామంది చెప్పరు, సెట్టు అయ్యాక అడిగితే చెప్తారు. పాత పాట కార్డుల మీద కొత్త బాణీ కట్టడం జాజ్‌లో మామూలు. స్వరకర్త గెర్ష్విన్ 1930 నాటి ‘ఐ గాట్ రిథమ్’ కార్డుల మీద పుట్టినవే లెక్కలేనన్ని. కాబట్టి ఎక్కడో విన్నట్టుంది అనిపిస్తే బాణీ కాదు, కింది వరస గుర్తుకొచ్చిందేమో చూసుకోండి. ‘అదరగొట్టారు’ అని రాస్తే చదివేవాళ్ళకు ఏమీ తెలియదు. ‘రెండో పాటలో బేస్ సోలోకు డ్రమ్మర్ పూర్తిగా ఆగిపోయాడు’ అని రాస్తే ఆ గది కళ్ళముందు కడుతుంది. సెట్టు పస చూడాలంటే నెమ్మది పాటే గీటురాయి. వేగంలో తడబాట్లు దాగుతాయి. నెమ్మది పాటలో డ్రమ్మర్ తొందరపడినా, బేస్ శృతి రవ్వంత తప్పినా ఈ గది దాచిపెట్టదు.

లోటుపాట్లు లేకపోలేదు. కిందికి మెట్లే, లిఫ్టు లేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులుంటే కొలంబస్ సర్కిల్‌లోని డిజ్జీస్ క్లబ్ నయం. ఐదో అంతస్తు, లిఫ్టు, భోజనం, వేదిక వెనక అద్దాల్లోంచి సెంట్రల్ పార్క్ దీపాలు. వినికిడి మాత్రం ఒక మెట్టు కిందే. వెస్ట్ థర్డ్ స్ట్రీట్‌లోని బ్లూ నోట్‌లో పెద్ద పేర్లుంటాయి, భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. కుర్రవాళ్ళు అర్ధరాత్రి దాటాక ఏం వాయిస్తున్నారో చూడాలంటే వెస్ట్ టెన్త్ స్ట్రీట్‌లో స్మాల్స్ ఉంది, వాన్‌గార్డ్ నుంచి నడిచేంత దూరమే.

బల్లలు అరచేయంత, పెద్ద బ్యాగులు వద్దు. తిండి ముందే ముగించుకోండి. శాకాహారులకు దగ్గర్లో పిజ్జాయే సులువు: బ్లీకర్ స్ట్రీట్‌లోని జాన్స్‌లో ముక్కలు అమ్మరు, పిజ్జా మొత్తం కొనాలి, టైము పడుతుంది. కార్మైన్ స్ట్రీట్ జోస్‌లో ముక్క తీసుకుని నిలబడి తినేసి రావచ్చు.

న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు కారు ఇంటిదగ్గరే వదిలేయడం మేలు. న్యూజెర్సీ ట్రాన్సిట్‌లో పెన్ స్టేషన్, అక్కడినుంచి 1, 2 లేదా 3 నంబరు సబ్‌వేలో దక్షిణానికి 14వ వీధి, దిగి నడిస్తే ఐదు నిమిషాలు. జర్సీ సిటీ వాళ్ళకు పాత్ రైలు క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దింపుతుంది. రెండో సెట్టు ముగిసేసరికి 11:15 దాటుతుంది, ఆ వేళకు రైళ్ళు పలచబడతాయి. తిరుగు రైలు టైము కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. లోపల ఫోను తీయనివ్వరు కదా.