తిరుపతిలో అద్దె గది, పన్నెండు గంటల పేచీ

తిరుపతిలో గది వెతికేవారు ముందు అద్దె చూస్తారు, తరువాత స్టేషన్ ఎంత దూరమో చూస్తారు. నా మటుకు నేను ఈ రెండింటికన్నా ముందు అడగవలసినది గది లెక్క ఏ గంటకు మొదలవుతుందన్నదే అంటాను. హైదరాబాదు వైపు నుంచి వచ్చే నారాయణాద్రి, వెంకటాద్రి, పద్మావతి ఎక్స్‌ప్రెస్‌లు రాత్రంతా నడిచి ఉదయం పూట యాత్రికులను దింపుతాయి. కొండకు వెళ్లేవారిలో చాలామంది తెల్లవారుజామునే లేచి బయలుదేరతారు. ఇటువంటి ఊళ్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు వరకే రోజు అని లెక్కించే లాడ్జీలో దిగితే, ఎవరికీ అక్కరలేని గంటలకు డబ్బు చెల్లించవలసి వస్తుంది.

మేము చెల్లించాము. ఫోన్‌లోని యాప్‌లో 1,450 రూపాయలకు, పన్నులన్నీ కలిపి, స్టేషన్‌కు ఆరు వందల మీటర్లు అన్న హామీతో బుక్ చేసుకున్న గది అది. ఆ ఆరు వందల మీటర్లు కాకి ఎగిరే దారిలో, రైలు పట్టాల మీదుగా లెక్కవేసినవి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారిని, పెట్టెలను తీసుకుని రోడ్డున చుట్టి వెళ్లడానికి ఆటో అతను 120 రూపాయలు తీసుకున్నాడు. ఉదయం ఆరు గంటలకు చేరేసరికి, కౌంటరు వెనుక చాప మీద పడుకున్న కుర్రాడు లేచి రిజిస్టరు తెరిచి, "చెకిన్ పన్నెండుకు సార్, ఇప్పుడే కావాలంటే సగం రోజు అద్దె అదనం" అన్నాడు. సోఫా మీద కూర్చుంటామంటే, ఉన్న ఒక్క సోఫా మీద ఇంకో కుటుంబం అదే పన్నెండు గంటల కోసం కాచుకుని ఉంది. 725 రూపాయలు అదనంగా ఒప్పుకున్నాము. మా ఆవిడ అప్పటి నుంచి ఆ సాయంత్రం వరకు నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

గది విషయం కూడా చెప్పాలి. కిటికీ తెరిస్తే చేతికి అందే దూరంలో పక్క భవనం గోడ, దాని మీద కారుతున్న గొట్టం. దుప్పటి ఉతికినదే కానీ, దిండు గలీబు మీద ఎవరిదో గుండు ఆనినంత మేర గుండ్రటి గంధపు మరక, పసుపు రంగు ఎండిపోయి పొడి రాలుతూ ఉంది. కొండ మీద తలనీలాలిచ్చి గంధం పూసుకుని వచ్చి పడుకున్న భక్తుడిని తప్పుపట్టలేము. ఆయన వెళ్లాక గలీబు మార్చని వారిని పట్టవచ్చు. మార్చమని అడిగితే కుర్రాడు దాన్ని తిరగేసి వేసి వెళ్లాడు.

మర్నాడు తెల్లవారుజామున మూడు గంటలకే గది ఖాళీ చేశాము, అంటే మేము డబ్బిచ్చిన వాటిలో చివరి తొమ్మిది గంటలు ఆ లాడ్జీకే వదిలేశాము. బిల్లులో 2,175 రూపాయల మీద 12 శాతం జీఎస్టీ అని మరో 261 వేశారు. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పన్ను 5 శాతమే. పైగా ఆ తెల్ల కాగితం మీద జీఎస్టీ నంబరే లేదు. నంబరు వేసిన బిల్లు ఇవ్వమన్నాను. కుర్రాడు లోపలికి వెళ్లి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి వచ్చి, ఏమీ అనకుండా 261 కొట్టివేశాడు. సగం రోజు అద్దె మాత్రం కొట్టివేయలేదు. ఆ వేళ వీధిలో ఆటో దొరకక, దొరికినవాడు 250 అడిగితే ఇచ్చి స్టేషన్ ఎదుటికి వచ్చి, సామాను క్లోక్‌రూములో పెట్టి కొండ బస్సు ఎక్కాము.

దర్శనం బాగా జరిగింది.

దిగివచ్చిన సాయంత్రం యాప్ తెరవకుండా గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో నడుస్తూ అడిగాము. రెండు చోట్ల లేవన్నారు, మూడో చోట పాత నాలుగంతస్తుల లాడ్జీలో ఏసీ లేని రెండు మంచాల గది 1,000 రూపాయలు, అదనపు పరుపు 150 అన్నారు. చెకౌట్ ఎన్నింటికని అడిగితే కౌంటరులోని పెద్దాయన గోడ గడియారం చూపించి, "మీరు ఎప్పుడు దిగితే అప్పుడే మొదులు సార్. ఇప్పుడు ఏడు, రేపు ఇదే టయానికి తాళం ఇస్తే సాలు" అన్నారు. డబ్బు తీసుకోకముందే తాళం మా ఆవిడ చేతికిచ్చి, పైకి వెళ్లి చూసి రమ్మన్నారు. నేల గచ్చు పాతది, లిఫ్ట్ ఇద్దరికి మించి పట్టదు, వేడినీళ్లు తెల్లవారి నాలుగు నుంచి తొమ్మిది వరకే. కానీ గలీబులు తెల్లగా ఉన్నాయి, మెట్ల మలుపులోంచి ఏడంతస్తుల రాజగోపురం కనిపిస్తుంది. స్టేషన్‌లో రైళ్ల ప్రకటనలు రాత్రంతా వినిపిస్తాయి, నిద్ర తేలికైనవారు వెనుక వైపు గది అడగాలి.

ఆ ఇరవై నాలుగు గంటల విలువ మరునాడు తెలిసింది. ఉదయం చంద్రగిరి కోట చూసి, ఎండ ముదిరేసరికి తిరిగివచ్చి, భోంచేసి, మా అత్తగారు మధ్యాహ్నం మూడు వరకు నిద్రపోయారు. మధ్యాహ్నం పన్నెండుకే లెక్క ముగించే లాడ్జీ అయితే ఆవిడ ఆ ఎండలో ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చునేవారు. సాయంత్రం కపిలతీర్థం వెళ్లి, ఏడుకు అయిదు నిమిషాల ముందు తాళం ఇచ్చి, నడుచుకుంటూ రైలుకు వెళ్లాము. మా ఆవిడ దారిలో ఆ లాడ్జీ ఫోన్ నంబరు తన చెల్లెలికి పంపింది.

ముందుగా ప్రయాణం నిశ్చయమైనవారికి స్టేషన్ ఎదుటి విష్ణునివాసం, బస్టాండు ఎదుటి శ్రీనివాసం కన్నా మేలైనవి లేవు. దేవస్థానం వారి ఆ గదులు సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, చూస్తుండగానే అయిపోతాయి. అవి దొరకనివారు బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజులు కాకపోతే, గోవిందరాజస్వామి గుడి సందుల్లో నేరుగా వెళ్లి అడగడమే మంచిది. ఆటో అతను చూపించే లాడ్జీకి మాత్రం వెళ్లకండి, అతని కమీషను మీ అద్దెలోనే ఉంటుంది. యాప్‌లో బుక్ చేసుకోక తప్పనివారు డబ్బు కట్టే ముందు లాడ్జీకి ఫోన్ చేసి, పొద్దున ఆరింటికి దిగితే గది ఇస్తారా, ఎంతకిస్తారు అని అడిగి, ఆ జవాబును వాట్సాప్‌లో రాయించుకోవాలి. కారులో వచ్చేవారికి ఈ సందులు పనికిరావు. బండి నిలపడానికే చోటుండదు కాబట్టి వారు అలిపిరి వైపు చూసుకోవడం మేలు.