కేర్ హోమ్‌లో పెద్దలపై చెయ్యి చేసుకుంటున్నారన్న అనుమానమా? గదిలో కెమెరా మేలా, చెప్పకుండా వెళ్ళడం మేలా?

ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడగానే చాలామందికి ముందు తట్టేది కెమెరా. మా లెక్కలో అది రెండో పని. మొదటిది వేళలు మార్చి, చెప్పాపెట్టకుండా వెళ్ళడం.

స్నానం చేయించేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు, మంచం మీంచి కుర్చీలోకి దించేటప్పుడు తరచు చేతులు విసురవుతాయి. పెద్దవాళ్ళు భయపడి అడ్డుపడతారు, చేసేవాళ్ళకు తొందర. అందుకే పొద్దుటి స్నానాల వేళ, రాత్రి భోజనం, షిఫ్టు మారే సమయం, మనుషులు తక్కువుండే సెలవు రోజు, వీటిలో వెళ్ళాలి. ఎప్పుడొస్తారో తెలియని చుట్టం ఉన్నారంటే కొంత అదుపు దానంతటదే వస్తుంది. కెమెరా ఉందని తెలియనప్పుడు అది దెబ్బను ఆపదు, పడ్డాక చూపిస్తుందంతే.

వెళ్ళినప్పుడు బట్ట మార్చే నెపంతో ఒళ్ళంతా చూడండి. ముంజేతులు, మోకాలి కింద కమలడం ముసలితనంలో మామూలే. వార్ఫారిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ లాంటి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు వాడేవాళ్ళకైతే చిన్న తాకిడికే చర్మం కింద రక్తం చేరుతుంది. మెడ, చెవులు, ముఖం, వీపు, పిరుదులు, అరికాళ్ళ మీద మచ్చలుంటే అనుమానించాలి. 5 సెంటీమీటర్లు దాటిన మచ్చ, దండచేతికి ఒకవైపు బొటనవేలు, రెండోవైపు మిగతా వేళ్ళ అచ్చు, మణికట్టు చుట్టూ గాజులా తిరిగిన గీత ఇంకా గట్టి గుర్తులు. రంగును బట్టి దెబ్బ ఎన్నాళ్ళదో చెప్పేయకండి, డాక్టర్లకూ అది కచ్చితంగా తేలదు. ముఖం కనబడేలా దూరం నుంచి ఒక ఫోటో, పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి తీయండి. కొన్ని మచ్చలు ఒకటి రెండు రోజులకు గాని పైకి తేలవు, కాబట్టి మర్నాడు మళ్ళీ తీయాలి. ఎలా తగిలిందో ఇద్దరిని విడివిడిగా అడిగి, ప్రమాదాల రిజిస్టరు చూపించమనండి. మాటలు పొసగకపోయినా, నమోదే లేకపోయినా రాసి పెట్టుకోండి.

ఇంత చేసినా కెమెరా తప్పని సందర్భం ఉంది: మనిషికి డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు), నోరు తెరిచి చెప్పలేరు, మచ్చలేమో రాత్రిళ్ళు పుడుతున్నాయి. అప్పుడు ముందు అక్కడి చట్టం కనుక్కోండి. మాటలు రికార్డు చేయడానికి చాలాచోట్ల నియమం వేరుగా ఉంటుంది, గదిలో ఇంకొకరుంటే వాళ్ళ సమ్మతీ కావాలి. మంచం, తలుపు రెండూ పడేలా పై మూలన, కిటికీ వెలుగుకు ఎదురు కాకుండా పెట్టాలి. రాత్రి చూపు ఉండాలి, తేదీ, గడియారం సరిగ్గా ఉండాలి. ఎక్కువగా చెడేది మెమరీ కార్డు దగ్గరే: నిండగానే పాతది చెరిగిపోతుంది, మచ్చ చూసేసరికి ఆ రాత్రి దృశ్యం ఉండదు. బాత్రూమ్ ఎటూ కెమెరాలో పడదు. కెమెరా పెట్టామన్న ధీమాతో రాకపోకలు తగ్గించడం మరో తప్పు. కొట్టింది సిబ్బందే అని ముందే తీర్మానించుకోవద్దు, తోటి నివాసి కూడా కావచ్చు. కెమెరా ఇక్కడ బాగా పనికొస్తుంది.

తలకు దెబ్బ, విరిగిన ఎముక కనబడితే కెమెరా, రాకపోకలు అంటూ ఆగకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళి, కొట్టారేమోనన్న అనుమానం డాక్టరుకు చెప్పి, కేసు షీటులో రాయించండి. అదే రోజు వరండా సీసీటీవీ దృశ్యాలు చెరపవద్దని యాజమాన్యానికి కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.