గడ్డి కోసే మెషిన్: టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

మామిడి, బత్తాయి తోటల కోసం బ్రష్ కట్టర్ కొనేవాళ్లు ధర, బరువు చూస్తారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: రోజూ అందులో పెట్రోలు పోసేది ఎవరు?

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్‌కి వేరే గది ఉండదు. పెట్రోల్లో కలిపిన టూటీ ఆయిలే (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) క్రాంక్ కేసు, అంటే ఇంజిన్ కింది గది గుండా వెళ్తూ బేరింగులనీ పిస్టన్‌నీ కాపాడుతుంది. తొందరలో ఎవరైనా ఉత్త పెట్రోలు పోశారా, కొద్దిసేపట్లోనే పిస్టన్ పట్టేస్తుంది. ఇక సిలిండరు, పిస్టన్, రింగులు కొత్తవి వేయించాల్సిందే. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరుకు 20 మి.లీ., 25:1 అని ఉంటే 40 మి.లీ. కలపాలి. కొలత సీసాతో పోయండి, మూత లెక్క నమ్మకండి. కాస్త ఎక్కువైతే మంచిదేగా అనుకుంటే అదీ బెడిసికొడుతుంది. కార్బన్ పేరుకుని సైలెన్సర్ జాలీ మూసుకుపోతుంది. అప్పుడు మెషిన్ స్టార్ట్ అవుతుంది గానీ రేస్ ఇస్తే లాగదు. చాలామంది కార్బురేటర్ విప్పేస్తారు. ముందు ఆ జాలీ తీసి చూడాలి.

ఫోర్ స్ట్రోక్‌కి ఉత్త పెట్రోలు చాలు, ఆయిల్ విడిగా పోయాలి. ఒకవేళ ఇందులో మిక్సింగ్ పెట్రోలు పోసినా పొగ వస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది, అంతే. టూ స్ట్రోక్‌లో కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్‌లోంచి పోతుంది కాబట్టి ఖర్చులోనూ ఫోర్ స్ట్రోక్‌దే పైచేయి. పొగా తక్కువే. కానీ దీనికీ ఒక బలహీనత ఉంది. హోండా జీఎక్స్35 అనే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ 100 మి.లీ. మాత్రమే (10డబ్ల్యూ-30 గ్రేడు). అంత కొంచెం ఆయిల్ త్వరగా పాడవుతుంది. కొత్త మెషిన్‌కి మొదటి 10 గంటలకి, తర్వాత 50 గంటలకోసారి మార్చాలి. రోజుకి ఐదు గంటలు నడిపితే పది రోజులకే వంతు వస్తుంది. మెషిన్‌ని సమంగా పెట్టి ఆయిల్ చూడండి, వాలుగా పెడితే లెక్క తప్పుతుంది. ఎక్కువ పోస్తే తెల్లపొగ, తడిసిన ఎయిర్ ఫిల్టర్.

కూలీలు చేతులు మారుస్తూ రోజంతా నడిపే మెషిన్ అయితే ఫోర్ స్ట్రోకే తీసుకోండి. గట్ల మీద అప్పుడప్పుడు కోసుకునేవాళ్లకి, ఆయిల్ తామే కలుపుకునేవాళ్లకి తేలికైన టూ స్ట్రోక్ చాలు. చెట్లు కోసే పెట్రోలు చైన్ సాకి మాత్రం ఈ చర్చే అక్కర్లేదు, దాదాపు అన్నీ టూ స్ట్రోకే.

ఏది కొన్నా, వారాల తరబడి పక్కన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడపండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని లాగి కార్బురేటర్‌ని పాడుచేస్తుంది.

పాత టూ స్ట్రోక్ కొంటుంటే సైలెన్సర్ విప్పించి లోపలికి చూడండి. పొగ బయటికొచ్చే కన్నంలోంచి పిస్టన్ పక్క భాగం కనిపిస్తుంది. దానిమీద నిలువు గీతలుంటే, ఎంత బాగా స్టార్ట్ అయినా కొనకండి.