పెట్రోల్ ట్యాంకు మూతి దగ్గర తుప్పు: రస్ట్ కన్వర్టర్ చాలాకాలం వాడాక చెప్పే మాట

కొత్తపట్నం, సింగరాయకొండ, మైపాడు, కృష్ణపట్నం వైపు తిరిగే కార్లలో తుప్పు కోసం అందరూ డోర్ల అడుగున, చక్రాల పైన వెతుకుతారు. ఫ్యూయల్ లిడ్ తెరిచి, క్యాప్ చుట్టూ ఉండే గుంటను టార్చి వేసి చూసేవాళ్లు తక్కువ. సముద్రపు గాలిలోని ఉప్పు, రొయ్యల లోడు లారీలు కార్చుకుంటూ పోయే నీళ్ల తుంపర, బంకులో ఒలికిన పెట్రోల్ చుక్కలు, దుమ్ము అన్నీ చేరేది ఆ గుంటలోకే. అక్కడ ఎండ తగలదు, గాలి ఆడదు. అందుకే పెచ్చు లేచేదాకా ఎవరి కంటా పడదు.

టానిక్ ఆసిడ్ రకం రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పును గట్టి నల్ల పొరగా మార్చే ద్రవం, ఈ చోటికి పనికొస్తుందా అంటే, పైపై తుప్పుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. అయితే కన్వర్టర్ ఒక్కటే తుప్పును ఆపదు. కింద నీళ్లు పోయే దారి తెరిచి ఉండాలి, పైన పెట్రోల్‌కు కరగని పెయింట్ ఉండాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఈశాన్య రుతుపవనాల వానలు ఒక్కసారి గట్టిగా పడితే చాలు, మళ్లీ ఎర్రచార దిగుతుంది.

ముందు నీళ్ల దారి సంగతి. చాలా కార్లలో గుంట అడుగున చిన్న డ్రెయిన్ రంధ్రం, దానికి ఒక సన్నటి గొట్టం ఉంటాయి. ఆ గొట్టం వెనక చక్రం లోపలివైపు తేలుతుంది. క్యాప్ గట్టిగా బిగించి గుంటలో 100 మి.లీ. నీళ్లు పోయండి. కొద్ది క్షణాల్లో చక్రం దగ్గర కారాలి. నిలబడిపోతే బురద అడ్డం పడ్డట్టే. ఇనుప తీగతో పొడిస్తే పెయింట్ గీసుకుపోతుంది, గొట్టమూ చిరుగుతుంది. పొడవాటి ప్లాస్టిక్ జిప్ టై మెల్లగా ఆడిస్తే మడ్డి వదులుతుంది. ట్యాంకు గొట్టం చుట్టూ ఉండే రబ్బరు అంచునూ ప్లాస్టిక్ కార్డుతో ఎత్తి చూడాలి. దాని వెనక చెమ్మమట్టి పేరుకుని ఉంటుంది, అసలు తుప్పు పుట్టేది అక్కడే.

తరవాత ఉప్పు కడగడం. తుప్పు గుంటల్లో ఉప్పు మిగిలితే పైన ఏం పూసినా లోపల తినడం ఆగదు. తీరప్రాంతంలో ఇంకో చిక్కుంది, ఇంటి బోరు నీళ్లే ఉప్పన. ఆ నీళ్లతో కడిగితే ఉప్పు మీద ఉప్పు పోసినట్టే. మంచినీళ్ల క్యాన్ నుంచి రెండు లీటర్లు తీసి, కార్ షాంపూతో రెండు విడతలు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

గీకేటప్పుడు గ్రైండరు, డ్రిల్లు, హీట్ గన్ జోలికి వెళ్లవద్దు. పక్కనే పెట్రోల్ ఆవిరి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. బండి ఆరుబయట పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీసి, క్యాప్ మీద పాలిథిన్ కప్పి, చుట్టూ టేపు వేసి, చేత్తోనే రుద్దాలి. ముందు 80, తరవాత 120, అంచులకు 220 నంబరు ఎమరీ పేపరు. పెచ్చులన్నీ రాలిపోవాలి, గట్టిగా పట్టుకున్న గోధుమరంగు పొర మాత్రం ఉండవచ్చు. కన్వర్టర్‌కు కావలసింది ఆ పొరే. తళతళలాడే ఇనుము మీద దానికి చేసే పనేమీ లేదు. ఇప్పుడు మొనదేలిన స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడండి. రేకు లోపలికి దిగితే ఈ పని ఇక్కడితో ఆపి టింకరింగ్ షెడ్డుకు పోవాలి. ట్యాంకు దింపకుండా అక్కడ వెల్డింగ్ చేయనివ్వకండి. చిల్లు మీద లప్పం పెట్టడమూ వద్దు, అది చెమ్మ పీల్చి వెనకనుంచి తినేస్తుంది.

కన్వర్టర్ ఈ చోటికి 15 మి.లీ. మించి పట్టదు. సీసాలో బ్రష్షు ముంచకూడదు. ముంచితే తుప్పు లోపలికి చేరి మిగతాది కూడా చిక్కబడుతుంది. ప్లాస్టిక్ మూతలోకి వంచుకుని అరంగుళం బ్రష్షుతో పలుచగా పూయాలి. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఎర్రదనం పోయి నీలి నలుపు తిరుగుతుంది, అది ఐరన్ టానేట్. ఎక్కడైనా గోధుమరంగు చుక్కలు మిగిలితే అక్కడ పెచ్చో జిడ్డో ఉన్నట్టు. గీకి, తుడిచి, రెండో పూత వేయాలి. ఆపైన 24 గంటలు ముట్టుకోకూడదు. డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే నూనె స్ప్రే) కొట్టిన చోట కన్వర్టర్ పట్టదు, నూనె పొర అడ్డం. ముందుగా తిన్నర్ గుడ్డతో తుడవాలి.

ఎక్కువమంది పని చెడిపోయేది పై పూత దగ్గరే. రెడ్ ఆక్సైడ్ పూసి వదిలేస్తే అది నీటిని పూర్తిగా ఆపలేదు. మామూలు స్ప్రే డబ్బా పెయింటు, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు చూడ్డానికి బాగానే ఉంటాయి కానీ, బంకులో నాజిల్ నుంచి పెట్రోల్ కారగానే మెత్తబడి వేలికి అంటుకుంటాయి. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే పీయూ (పాలీయురెథేన్) పెయింటే ఇక్కడ నిలబడుతుంది. డోర్ పిల్లర్ మీదో, బానెట్ కింది ప్లేటు మీదో ఉన్న కలర్ కోడ్ చూపిస్తే నెల్లూరు ఆటోనగర్ వైపు పెయింటు దుకాణాల్లో రంగు కలిపిస్తారు. కలిపిన మిశ్రమం 50 మి.లీ. చాలు. హార్డెనర్ పాళ్లు డబ్బా మీద రాసినట్టే, కళ్లంచనా వద్దు. అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి కాబట్టి స్ప్రే కన్నా బ్రష్షు మేలు, గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. కింద వేసే ప్రైమర్ ఏదో కన్వర్టర్ సీసా మీదే చూసుకోవాలి. పాలలా ఉండే టానిక్ ఆసిడ్ రకం మీద తిన్నర్ ఎక్కువున్న ప్రైమర్ మందంగా పోస్తే ముడత లేస్తుంది. ఫాస్ఫారిక్ ఆసిడ్ రకమైతే ఆసిడ్ మిగలకుండా శుభ్రం చేశాకే ఎపాక్సీ ప్రైమర్, లేకపోతే అది సరిగా గట్టిపడదు.

ఒక ముఖ్యమైన సంగతి: చాలా బండ్లలో ఇనుప ఫిల్లర్ గొట్టం (పెట్రోల్ ట్యాంకులోకి దిగే గొట్టం) నుంచి బాడీకి సన్నటి ఎర్త్ వైరు ఉంటుంది. స్టాటిక్ కరెంటు పోవడానికి అది. ఆ స్క్రూ కూర్చునే చోట పెయింటు వేయకుండా ఇనుము ఇనుముకే తగిలేలా బిగించాలి.

మాఘం నుంచి చైత్రం దాకా ఈ పనికి మంచి కాలం. పొద్దున మంచు ఆరి, రేకు వెచ్చబడ్డాక మొదలుపెట్టాలి. కార్తీకం ముసురులో వేసిన పూత కింద చెమ్మ చిక్కుకుని బుడగలొస్తాయి.

ఏళ్లు గడిచాక చూస్తే, గుంటలోని చదును భాగం, లిడ్ లోపలి ముఖం, స్ప్రింగు చుట్టూ చెక్కుచెదరవు. రెండు రేకులు కలిసే అతుకులో మాత్రం తుప్పు తిరిగి తొంగిచూస్తుంది, ఎందుకంటే లోపలికి కన్వర్టర్ చేరదు. అక్కడ పెయింటు ఆరాక క్యావిటీ వ్యాక్స్ (సందుల్లోకి పాకే మైనం) ఎక్కించి, ఏటా సెప్టెంబరులో, వానలకు ముందు, మరోసారి పట్టిస్తే అదుపులో ఉంటుంది. రబ్బరుకు మామూలు గ్రీజు వాడితే ఉబ్బుతుంది, సిలికాన్ గ్రీజు వాడండి. నాజిల్ రాసుకునే ట్యాంకు మూతి అంచుకు ఏ పెయింటూ ఆగదు. పైగా ఆ పొలుసులు ట్యాంకులో పడతాయి. ఫిల్లర్ గొట్టమే తుప్పుపట్టి పెట్రోల్ వాసన వస్తుంటే పూతలతో కాలక్షేపం వద్దు, గొట్టం మార్చాల్సిందే. సీసా కొనేటప్పుడు చిన్నదే కొనండి, కారు డిక్కీలో ఎండకు పెడితే చిక్కబడి పాడవుతుంది.